కేసు కొట్టేశాక అప్పీలు దారి చెప్పేదెవరు?

సంపాదకులకు నమస్కారం.

భార్యకు విషం పెట్టి చంపాడన్న కేసులో భర్త నిర్దోషిగా బయటపడ్డాడని జిల్లా పేజీల్లో అప్పుడప్పుడూ వార్త వస్తుంటుంది. నాలుగు వాక్యాలు, అంతే. అమ్మాయి తల్లిదండ్రులు 'కేసు కొట్టేశారంట' అనుకుంటూ కోర్టు నుంచి బస్టాండు దారి పడతారు. వాళ్లు అప్పీలుకు పోవచ్చని చెప్పేవాళ్లు అక్కడ ఎవరూ ఉండరు. కోర్టు ఆఫీసులో పనిచేసి రిటైరైనవాణ్ణి, ఇది కళ్లారా చూసిందే.

కొట్టేసిన ప్రతి కేసూ తప్పు తీర్పని నేననను. విషం కేసులో ఏమేం రుజువు కావాలో సుప్రీంకోర్టు 1984లో శరద్ బిర్దీచంద్ సర్దా కేసులో చెప్పింది: చంపడానికి కారణం, చావు విషం వల్లేనని, ఆ విషం నిందితుడి దగ్గర ఉందని, పెట్టే అవకాశం అతనికి దొరికిందని. ఆ కేసులో చనిపోయింది పుణెలో కొత్తగా పెళ్లయిన అమ్మాయి. ఆత్మహత్య కూడా కావచ్చన్న అనుమానం తీరలేదని, ఉరిశిక్ష పడిన భర్తను విడిచిపెట్టారు. అంతకు ముందు 1960లో అనంత్ చింతామన్ లాగూ అనే డాక్టరు కేసులో మాత్రం శవంలో విషం దొరక్కపోయినా శిక్ష నిలబడింది. మిగతా సాక్ష్యం అంత గట్టిగా ఉంది మరి.

మన అనంతపురం పల్లెల్లో చిక్కంతా 'విషం అతని దగ్గర ఉందా' అన్న చోటే వస్తుంది. వ్యవసాయం చేసే ఇంట్లో పురుగుమందు డబ్బా ఉండటం వింతేమీ కాదు. అది దొరికిందని కోర్టులో చూపిస్తే 'చేనుకు కొట్టడానికి తెచ్చుకున్నాం' అంటారు. తానే తాగిందా, ఎవరైనా తాగించారా అన్నది తేలాలంటే మొదటి రోజు పోగుచేసిన ఆధారాలే దిక్కు. ఆసుపత్రిలో కడుపు కడిగిన నీళ్లు, వాంతి మరకల చీర, ఆ గ్లాసు, మందుల షాపు బిల్లు పుస్తకం. నాలుగు రోజులు ట్రీట్‌మెంట్ జరిగి ప్రాణం పోతే విసెరాలో, అంటే పరీక్షకు పంపే శవం లోపలి అవయవాల ముక్కల్లో, విషం కనపడకపోనూ వచ్చు. ఇక విచారణ ఏళ్ల తరబడి సాగితే పక్కింటి సాక్షి కాస్తా హాస్టైల్ అవుతాడు, అంటే ముందు చెప్పిన మాటకు అడ్డం తిరుగుతాడు, పెద్దమనుషులు రాజీ మాటలు మొదలుపెడతారు. తీర్పు కొట్టివేతగా వస్తే పోలీసులు సరిగా చేయలేదా, నిజంగానే ఆధారం లేదా అన్నది పై కోర్టు చూస్తేనే తేలుతుంది. పై కోర్టులో గెలవడం కూడా సులువు కాదు. సాక్ష్యాన్ని రెండు రకాలుగా అర్థం చేసుకునే వీలుంటే కింది కోర్టు తీర్పునే ఉంచుతారు.

ప్రభుత్వం అప్పీలు చేయాలంటే పీపీ (ప్రభుత్వ వకీలు) అభిప్రాయం, పైనుంచి ఉత్తర్వు, హైకోర్టు అనుమతి, అన్నీ కావాలి. గడువు 90 రోజులు. ఫైలు ఎక్కడ ఆగిందో ఆ తల్లికి ఎవరు చెబుతారు? అయితే 2009 డిసెంబరు 31 నుంచి బాధితులకూ సొంతంగా అప్పీలు హక్కు ఉంది. క్రిమినల్ కేసులు ఎలా నడపాలో చెప్పే ఇప్పటి చట్టం, నాగరిక్ సురక్షా సంహితలో అది 413వ సెక్షన్. చనిపోయినవారి వారసులూ బాధితులే. వాళ్లు హైకోర్టు అనుమతి అడగాల్సిన పని కూడా లేదని 2018లో మల్లికార్జున్ కొడగలి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

ఇంత హక్కు ఇచ్చి, తీర్పు నకలు దగ్గరే అడ్డం పెట్టారు. శిక్ష పడినవారికి నకలు వెంటనే, ఉచితంగా ఇస్తారు. కూతుర్ని పోగొట్టుకున్నవాళ్లు మాత్రం దరఖాస్తు పెట్టి డబ్బు కట్టాలి. ప్రత్యేక కారణం ఉంటే ఉచితంగా ఇవ్వవచ్చని చట్టంలో ఉంది, అడగాలని వాళ్లకు తెలియాలి కదా! ఆపైన హైకోర్టు ఎక్కడో అమరావతిలో ఉంది. కర్నూలు బెంచి కోసం 2024 నవంబరులో అసెంబ్లీ తీర్మానం చేసింది. అది వచ్చేదాకా రాయదుర్గం పక్క పల్లెలో ఉండే ముసలాయన రాత్రి బస్సు ఎక్కాల్సిందే.

నేను కోరేది చిన్న పని. తీర్పు చదివిన రోజే బాధితుల కుటుంబానికి తెలుగులో ఒక కాగితం ఇవ్వాలి: అప్పీలు హక్కు ఉంది, ఎక్కడ చేసుకోవాలి, ఉచిత వకీలు కోసం ఎవరిని కలవాలి. దాంతోపాటే తీర్పు నకలూ ఉచితంగా చేతిలో పెట్టాలి. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. అమ్మాయి తల్లి పేరు మీద దరఖాస్తు పెడితే చాలు. ఈ సంగతి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ మనిషే కోర్టు హాలులో చెబితే ఏం పోతుంది?

మీకూ ఒక మనవి. ఇలాంటి కొట్టివేత వార్త వేసినప్పుడల్లా కింద ఒక వాక్యం చేర్చండి: బాధిత కుటుంబం హైకోర్టులో అప్పీలు చేసుకోవచ్చు, న్యాయ సహాయానికి 15100కు ఫోన్ చేయవచ్చు.

— ఒక విశ్రాంత కోర్టు ఉద్యోగి, అనంతపురం