దవడ పళ్ల ఇంప్లాంట్ల విషయంలో మా క్లినిక్ మార్చుకున్న పద్ధతి

మా దగ్గర పళ్లు కట్టించుకున్నవారికీ, కట్టించుకోదలచినవారికీ ఒక విషయం దాచకుండా చెప్పవలసి ఉంది. ఈ నెల నుంచి సీబీసీటీ స్కాన్ (దవడ ఎముకను మూడు కోణాల్లో చూపే ఎక్స్-రే), దాని ఆధారంగా తయారుచేయించిన గైడ్ (డ్రిల్లు సరైన చోట, సరైన కోణంలో దిగేలా పట్టి ఉంచే అచ్చు) లేకుండా దవడ పళ్ల స్థానంలో ఇంప్లాంట్ (పోయిన పంటి వేరుకు బదులు ఎముకలో బిగించే టైటానియం మొల) వేయము. ఖర్చు కొంత పెరుగుతుంది, మీరు ఒకసారి అదనంగా రావలసి ఉంటుంది.

కారణం మా చేతిలో జరిగిన పొరపాటే. కింది దవడ పన్ను పోయిన ఒక పెద్దావిడకు నోరు ఎక్కువగా తెరుచుకోకపోవడంతో డ్రిల్లు నిటారుగా దిగలేదు. ఇంప్లాంట్ ముందుకు జరిగి, వాలుగా కూర్చుంది. దానిపై తొడిగిన క్యాప్ వెనుక భాగం కింద ఆధారం లేకుండా పోయింది. ఏడాదిలో రెండుసార్లు క్యాప్‌ను పట్టి ఉంచే లోపలి స్క్రూ వదులైంది. ఎక్స్-రే తీసి చూస్తే, ఇంప్లాంట్ మెడ (చిగురు దగ్గరి పై భాగం) చుట్టూ ఎముక చిన్న గిన్నెలా తరిగిపోయి కనిపించింది.

సహజమైన పంటి వేరుకూ ఎముకకూ మధ్య సుమారు 0.2 మిల్లీమీటర్ల మెత్తని పొర ఉంటుంది. జంతిక కొరికినప్పుడు ఆ అదురును అదే తీసుకుంటుంది. ఇంప్లాంటుకు ఆ పొర లేదు. స్వీడన్‌కు చెందిన వైద్య పరిశోధకుడు బ్రోనెమార్క్ 1950లలో గమనించినట్టు, టైటానియం నేరుగా ఎముకతోనే అతుక్కుంటుంది కనుక, నమిలే ఒత్తిడిలో ఎక్కువ భాగం మెడ చుట్టూ ఉన్న గట్టి ఎముక అంచు మీదే పడుతుంది. ఇంప్లాంట్ క్యాప్ నడిమిన నిటారుగా ఉంటే ఆ బలం నిలువుగా కిందికి దిగుతుంది; పక్కకు జరిగినా వాలినా, గునపంతో పెకలించినట్టు ఆ అంచు ఒకవైపునే నొక్కుకుపోతుంది.

నాలుగు ఇంప్లాంట్ల మీద మొత్తం వరుస కట్టేటప్పుడు వెనుక రెండింటిని కావాలనే వాల్చి వేస్తారు. అక్కడ నాలుగూ ఒకే కట్టుగా బిగిసి ఉంటాయి, వెనుక వేలాడే భాగమూ తగ్గుతుంది. ఒంటి ఇంప్లాంటుకు ఆ లెక్క పనికిరాదు.

చాలామంది మమ్మల్ని మొదట అడిగేది ఇంప్లాంట్ ఏ కంపెనీదని. పక్క పంటి వేరుకు కనీసం 1.5 మిల్లీమీటర్లు, కింది దవడ నరానికి 2 మిల్లీమీటర్లు ఎడం ఉందా, ఇంప్లాంట్ క్యాప్ నడిమికే వస్తోందా అని స్కాన్‌లో చూపించమని మమ్మల్ని అడగండి, అదే మా మనవి.

ఆ పెద్దావిడకు నమిలే వెడల్పు తగ్గించిన కొత్త క్యాప్‌ను ఉచితంగా అమర్చాము. ఆరు నెలలకోసారి ఎముకను పరీక్షిస్తున్నాము. మా దగ్గర వేయించుకున్న ఇంప్లాంట్ క్యాప్ కదిలినట్టున్నా, పక్కన ఆహారం ఇరుక్కుంటున్నా దయచేసి రండి. పరీక్షకూ ఎక్స్-రేకూ డబ్బు తీసుకోము.