లింకు డాక్యుమెంటు లేకుండా ఒక్క తరం కూడా దాటకు

చిట్టితల్లికి నాన్న ఆశీస్సులు.

మొన్న ఫోన్లో ఐర్లండ్‌లోని గాల్వే బ్లేకుల వంశవృక్షం 1700 దాటాక ముందుకు సాగడం లేదన్నావు. అచ్చయిన వంశావళి ఒకటి దొరికింది, అదే ఎత్తి రాసేస్తే గడువులోగా ప్రాజెక్టు ఇచ్చేయొచ్చు అన్నావు. నీ గొంతులో టెన్షన్ తెలుస్తూనే ఉంది. అయినా ఆ పని చెయ్యొద్దనే అంటాను. రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఉద్యోగం చేసినవాణ్ణి, కాగితాల స్వభావం నాకు తెలుసు. నువ్వు పంపిన స్కాన్లన్నీ చదివాకే ఇది రాస్తున్నాను.

ముందు మొదటి తరాల సంగతి. నార్మన్లు 1169లో ఐర్లండ్‌లోని వెక్స్‌ఫర్డ్ తీరంలో దిగారు, 1171లో ఇంగ్లండు రాజు రెండో హెన్రీ స్వయంగా వచ్చాడు. నువ్వుంటున్న గాల్వే వైపు మాత్రం వాళ్లు గట్టిగా కాలు మోపింది 1230ల్లో, రిచర్డ్ డి బర్గ్ అనే నార్మన్ ప్రభువు పడమటి ప్రాంతం కన్నాట్‌ను గెలుచుకున్నాక. కాబట్టి గాల్వే కుటుంబం ఏదైనా మా మూలపురుషుడు మొదటి ఓడలోనే వచ్చాడంటే, కాగితం ఏదని అడగాల్సిందే. బ్లేకుల గురించి ఇంకా పెద్ద కథే ఉంది, ఆర్థర్ రాజు గుండ్రబల్ల వీరుల్లో ఒకడి సంతానమట. మన జమీందార్ల వంశావళులు సూర్యుడితో మొదలైనట్టే ఇదీ. రికార్డులో నిలబడే మూలపురుషుడు రిచర్డ్ కాడెల్, 1303లో కన్నాట్ షెరీఫ్. నీ చెట్టు ఆయనతో మొదలైతే చాలు, 700 ఏళ్లు తక్కువేం కాదు. ఆయన వారసులు కొన్ని తరాల పాటు కాడెల్ అనీ, బ్లేక్ అనీ, ‘కాడెల్ అలియాస్ బ్లేక్’ అనీ రాసుకున్నారు కాబట్టి రెండు పేర్లతోనూ వెతుకు.

1922 జూన్ 30న డబ్లిన్‌లో ఫోర్ కోర్ట్స్ అనే న్యాయస్థానాల ప్రాంగణంలో ఉన్న పబ్లిక్ రికార్డ్ ఆఫీసు తగలబడి వీలునామాలు, చర్చి రిజిస్టర్లు, పాత జనాభా లెక్కలు ఎన్నో పోయాయి. అది చదివితే నాకు కడుపులో దేవినట్టయింది. కానీ బ్లేకుల దస్తావేజులు చాలావరకు ఇంట్లోనే ఉండిపోయాయి. మార్టిన్ జె. బ్లేక్ 1300 నుంచి 1700 దాకా వాటిని పోగు చేసి 1902, 1905ల్లో రెండు సంపుటాలుగా అచ్చు వేయించాడు. వంశవృక్షం గీసినందుకు కాదు, దస్తావేజు దస్తావేజుగా ముందు పెట్టినందుకు ఆయన మీద నాకు గౌరవం. నువ్వు కూడా ఆయన తీసిన సారాంశంతో ఆగకుండా, అందులో సాక్షులెవరు, హద్దులేవి అని చూడు.

ఇప్పుడు నువ్వు ఆగిన చోటికి వస్తాను. అక్కడ రికార్డు దొరకకపోవడానికి కారణం నీ పనిలో లోపం కాదమ్మా, చట్టం. 1704 చట్టం ప్రకారం బ్లేకుల్లాంటి కేథలిక్కులు భూమి కొనకూడదు, 31 ఏళ్లకు మించి కౌలుకు తీసుకోకూడదు. తండ్రి పోతే ఆస్తి కొడుకులందరికీ ముక్కలవ్వాలి. పెద్దకొడుకు ప్రొటెస్టెంటుగా మారితే మొత్తం అతనికే. అంతేకాదు, తండ్రి బతికుండగానే పెద్దకొడుకు మతం మారితే ఆ తండ్రికి తన భూమి మీద బతికున్నన్నాళ్లు అనుభవించే హక్కే మిగులుతుంది, అమ్ముకోవడానికి లేదు. ఒక ఇంట్లో తండ్రీకొడుకుల మధ్య ఇలాంటి చట్టం వచ్చి కూర్చుంటే ఆ ఇల్లు ఎలా ఉండేదో ఆలోచిస్తే రాత్రి నిద్ర పట్టలేదు.

1708లో డబ్లిన్‌లో దస్తావేజులు నమోదు చేసే ఆఫీసు, రిజిస్ట్రీ ఆఫ్ డీడ్స్, పెట్టిన ఉద్దేశాల్లో ఈ చట్టాలను అమలు చెయ్యడం కూడా ఒకటి. ఆ భవనం వేరే చోట ఉండబట్టి 1922 మంటలు దాన్ని తాకలేదు. అక్కడ దొరికేది అసలు దస్తావేజు కాదు, మెమోరియల్ అనే సారాంశం. దస్తావేజు మీద సంతకం పెట్టిన సాక్షుల్లో ఒకరైనా దాన్ని ప్రమాణం చేసి ధ్రువీకరించాలి. పేర్ల సూచిక విషయంలో జాగ్రత్త. మన ఇండెక్స్ 1లో రాసిచ్చినవాడూ, రాయించుకున్నవాడూ ఇద్దరూ దొరుకుతారు. అక్కడ మాత్రం రాసిచ్చినవాడి పేరు మీదే వెతకాలి. బ్లేక్ కొన్న భూమి, బ్లేక్ ఇంటికి వచ్చిన కోడలి పుట్టింటివాళ్లు ఇచ్చిన భూమి, వీటి కోసం బ్లేక్ అనే పేరు కింద వెతికితే ఏమీ కనిపించదు. భూముల సూచిక వేరుగా ఉంది, అక్కడ ఊరి పేరుతో వెళ్లు.

ఇంకో సంగతి. కేథలిక్కు చట్టాన్ని దాటి భూమి కొన్నాడనో, కౌలుకు తీసుకున్నాడనో తెలిస్తే, ఏ ప్రొటెస్టెంటైనా కోర్టుకెళ్లి ఆ హక్కు తనకు ఇప్పించుకోవచ్చు. అందుకని చాలామంది నమ్మకమైన ప్రొటెస్టెంటు స్నేహితుడి చేతనే ముందుగా కేసు వేయించి భూమిని అతని పేరు మీద కాపాడుకున్నారు. మనవాళ్లు బినామీ అనేది అదే కదా. కాబట్టి బ్లేకుల పొలం ఉన్నట్టుండి పరాయివాడి పేరు మీద కనిపిస్తే ఆ శాఖ అంతరించిందని రాసెయ్యకు. మతం మారినవాళ్ల జాబితా, కన్వర్ట్ రోల్స్, పక్కన పెట్టుకుని చూడు. 1778లో ఆస్తి ముక్కలు చేసే నియమం ఎత్తేశారు, 1782లో కొనుక్కునే హక్కు వచ్చింది. అక్కడి నుంచి వీళ్ల పేర్లు మళ్లీ ఎక్కువగా కనిపించాలి.

దొరికినవాటిలో అన్నిటికన్నా ముందు పెళ్లి ఒప్పందాలు చదువు. పెళ్లికూతురి తండ్రి ఎంత ఇచ్చాడు, ఆమె విధవరాలైతే ఏ భూమి మీద మనోవర్తి, పుట్టబోయే చిన్నపిల్లలకు ఎంత, మధ్యవర్తులుగా ఏ మేనమామలు, ఏ బాబాయిలు నిలబడ్డారు, అన్నీ ఒక్కచోట ఉంటాయి. ఆడపిల్లలు పూర్తి పేరుతో కనిపించేది ఎక్కువగా వాటిలోనే. గాల్వే దగ్గరి మెన్లోలో ఉన్న బ్లేకుల శాఖకు 1622లో బారొనెట్ అనే వంశపారంపర్య బిరుదు వచ్చింది మొదలు వాలెంటైన్, వాల్టర్, థామస్ అనే పేర్లే తిరిగి తిరిగి వస్తాయి. భార్య ఎవరు, భూమి ఏది అన్నది తేలకపోతే ఒక వాల్టర్‌ను ఇంకో వాల్టర్‌తో కలిపేస్తావు.

నువ్వు డాంగన్ వైపు నడకకు వెళ్లినప్పుడు కోరిబ్ నదికి అవతల తీగలల్లుకుని కనిపించేది ఆ మెన్లో కోటే. 1910 జూలైలో అది కాలిపోయింది, బ్లేకుల కూతురు ఎలియనార్ ఆ మంటల్లో పోయింది. ఆ ఊళ్లో బ్లేకుల కింద పొలం దున్నిన కౌలుదార్లు కూడా ఉన్నారు కదా. 19వ శతాబ్దంలో పన్ను కోసం భూములకూ ఇళ్లకూ విలువ కట్టిన గ్రిఫిత్ వాల్యుయేషన్ జాబితాలోనూ, 1901 జనాభా లెక్కల్లోనూ వాళ్ల పేర్లు ఉంటాయి. అనుబంధంగానైనా ఆ పేర్లు చేర్చమని నా కోరిక. ఆ కోట నిలబడింది వాళ్లు కట్టిన శిస్తు మీద.

ఈ వారం ఒక్క పని పెట్టుకో. భూముల సూచికలో మెన్లో పేరు మీద 1708 నుంచి 1778 దాకా ఏమున్నాయో చూడు. బ్లేక్ కాని పేరు తగిలితే ఆ మెమోరియల్ ఫోటో పంపు. గొలుసుకట్టు రాత చదవడం నాకు అలవాటే, ఆదివారం వీడియో కాల్లో ఇద్దరం కలిసి చదువుదాం. ఒక తరానికి ఆధారం దొరక్కపోతే ఆ గీతను చుక్కలతో గీసి, ఎందుకు దొరకలేదో కింద రెండు వాక్యాలు రాయి. గడువు ఇంకో రెండు వారాలు పెంచమని మీ మేడమ్‌ని రేపే అడుగు, ఈ ఉత్తరంలోని చట్టం సంగతి చెబితే ఆవిడే ఒప్పుకుంటారు.

ప్రేమతో,
నాన్న