మినిట్స్ పుస్తకంలో నా సంతకం

ఒసేయ్ విజయనగరం పిల్లా,

ఎలా ఉన్నావు? అమ్మకి మోకాళ్ళ నొప్పి తగ్గిందా? పైడితల్లి సిరిమానుకి రమ్మని నువ్వు పిలవడం, నేను ఆగిపోవడం రెండేళ్ళ నుంచీ జరుగుతోంది. ఈసారి తప్పకుండా వస్తాను. కానీ అంతకంటే ముందు నీతో ఒక పని పడింది. ఫోన్లో అయితే సగం మర్చిపోతానని కూర్చుని రాస్తున్నాను.

మా జీడి రైతుల కంపెనీలో నేను డైరెక్టర్నని నీకు తెలుసు కదా. 2018లో తిత్లీ తుఫాను మా ఉద్దానం తోటల్ని నేలమట్టం చేసి పోయాక, మళ్ళీ మొక్కలు వేసుకుని, పిక్కల బస్తా దళారి చెప్పిన ధరకి వదులుకోకుండా మనమే అమ్ముకుందామని పెట్టుకున్న కంపెనీ ఇది. ఆడవాళ్ళు కూడా ఉండాలని నన్నూ ఇంకొకావిడనీ బోర్డులో వేశారు. ఆ రోజు ఎంత మురిసిపోయానో, ముందు ఫోన్ చేసింది నీకే.

తర్వాత సంగతి నీకు చెప్పలేదు. మీటింగ్ ఎప్పుడో మాకు తెలిసేదే కాదు. అయిపోయిన రెండు రోజులకి ఆఫీసు కుర్రాడు, మీటింగ్‌లో ఏం తీర్మానించారో రాసే మినిట్స్ పుస్తకం పట్టుకుని ఇంటికొచ్చి, "పిన్నీ, ఇక్కడ" అని వేలు పెట్టి చూపించేవాడు. పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే తడి చెయ్యి కొంగుకి తుడుచుకుని సంతకం పెట్టేసేదాన్ని. మొన్న జూన్‌లో ఎందుకో నాలుగు పేజీలు వెనక్కి తిప్పాను. గోడౌన్ అద్దెకు తీసుకోవాలని ఒక తీర్మానం, "బలపరిచినవారు" అన్నచోట నా పేరు. ఆ గోడౌన్ ఎవరిదనుకున్నావు? చైర్మన్ గారి సొంత అన్నయ్యది. అద్దె ఎక్కువా తక్కువా అన్నది తర్వాతి మాట. నేను వినని మాటని నేను బలపరిచానట! ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదే.

అప్పట్నుంచి చట్టం చదువుతున్నాను. మనలాంటి ఉత్పత్తిదారుల కంపెనీలో మూడు నెలలకోసారైనా బోర్డు కూర్చోవాలి, ప్రతి డైరెక్టరుకీ ఏడు రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. సొంత మనుషుల లావాదేవీ ఉంటే ఆ డైరెక్టరు బోర్డు ముందు చెప్పి తీరాలి. ఇదే అడిగాను. దానికి చైర్మన్ గారి జవాబు: "ఇంట్లో ఆయన్ని ఒకసారి పంపమ్మా, ఆయనకి చెప్తాను." డైరెక్టర్ని నేనైతే లెక్క చెప్పేది మా ఆయనకా? సర్పంచ్ ఆవిడైతే కుర్చీలో భర్త కూర్చోవడం మన పంచాయతీల్లో చిన్నప్పటి నుంచీ చూస్తున్నాం, అది ఇక్కడికీ వచ్చేసింది.

పెద్ద కంపెనీల్లో కూడా ఇంతేనే. 2013 కంపెనీల చట్టం ప్రతి లిస్టెడ్ కంపెనీ, అంటే షేర్ మార్కెట్లో ఉన్న కంపెనీ బోర్డులో ఒక్క మహిళైనా ఉండాలంది. షేర్ మార్కెట్‌ని అదుపులో పెట్టే సెబీ 2015 ఏప్రిల్ 1 గడువు పెట్టేసరికి చాలామంది యజమానులు భార్యనో కూతుర్నో తెచ్చి కూర్చోబెట్టారు. ఇలా కాదని 2017లో సెబీ వేసిన ఉదయ్ కోటక్ కమిటీ, ఆ మహిళ యజమాని కుటుంబానికి సంబంధం లేని స్వతంత్ర డైరెక్టర్ అయి ఉండాలని సిఫార్సు చేసింది. మార్కెట్ విలువలో మొదటి 500 కంపెనీలకి 2019 నుంచి, మొదటి వెయ్యికి 2020 నుంచి ఆ నిబంధన వచ్చింది. మలేషియాలో కూడా 2023 నుంచి ప్రతి లిస్టెడ్ కంపెనీలో ఒక మహిళ ఉండాల్సిందే. ఇదంతా చూసి కోటాలు దండగ అనేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. ఆ కుర్చీ ఇచ్చారు కాబట్టే కదా, పుస్తకం నా చేతికి వచ్చింది, పేజీలు తిప్పగలిగాను.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇంకొకటుంది. షెడ్డులో పప్పు పొట్టు తీసేవాళ్ళంతా ఆడవాళ్ళే. పప్పు విరక్కుండా బొటనవేలి గోరుతో పొర లేపుతారు. 320 రకం అంటే పౌనుకి 320 పప్పుల లోపు తూగాలి, విరిగితే ధర పడిపోతుంది. పిక్కలు కొట్టేవాళ్ళ వేళ్ళ చివర్లు చూశావా ఎప్పుడైనా? పిక్క తొక్కలోని జీడి నూనె తగిలి నల్లబడి, తోలు ఊడి ఉంటాయి. కానీ మా సభ్యుల జాబితాలో ఆడపేర్లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఎందుకంటే వాటాలు భూమి పాసుపుస్తకం చూసి ఇచ్చారు, పాసుపుస్తకాలు మగవాళ్ళ పేరు మీదున్నాయి. ఆడపిల్లకి ఆస్తిలో సమాన హక్కని మన రాష్ట్రంలో 1985 నుంచే వర్తించేలా ఎన్టీఆర్ చట్టం తెచ్చారు. దేశమంతటికీ వచ్చింది 2005లో. అయినా పసుపు కుంకుమల కింద ఇచ్చేశాం కదా అని పుట్టింటివాళ్ళు అనడం, అన్నదమ్ములతో గొడవెందుకని మనం ఊరుకోవడం. నేనూ ఊరుకున్నదాన్నే.

అయితే చట్టంలో ఒక మాట దొరికిందే! ఉత్పత్తిదారు అంటే పట్టా ఉన్నవాళ్ళే అని లేదు. పంటకి సంబంధించిన ఏ పని చేసేవాళ్ళైనా అని ఉంది. అంటే పిక్కలు కొట్టేవాళ్ళూ, పొట్టు తీసేవాళ్ళూ సభ్యులు కావచ్చు కదా? పైగా మనలాంటి కంపెనీలో ఎన్ని వాటాలున్నా మనిషికి ఒకటే ఓటు. మన షెడ్డు ఆడవాళ్ళంతా సభ్యులైతే సాధారణ సభ ఎలా ఉంటుందో ఊహించుకో.

నీతో పని ఇదే. మా కంపెనీ నియమాల పుస్తకం, అదే ఆర్టికల్స్, జిరాక్సు దీంతో పెడుతున్నాను. సభ్యత్వం గురించి రాసిన పేజీల అంచు మడతపెట్టాను, పాసుపుస్తకం ఉండాలని అందులో ఎక్కడైనా రాశారేమో చూడు. ఇన్నేళ్ళుగా ఆడిట్ ఆఫీసులో పని చేస్తున్నావు, నీకు చూడగానే తెలుస్తుంది. సాధారణ సభ సెప్టెంబరు చివర్లో, నోటీసు పద్నాలుగు రోజుల ముందు వెళ్ళాలి. కాబట్టి ఈ నెలాఖరు ఆదివారం పొద్దున్న బండికి పలాస వచ్చెయ్. ఇంకొకావిడా నేనూ, షెడ్డు నుంచి మరో నలుగురూ ఉంటాం. పాత బ్యాలెన్స్ షీటూ, లాభనష్టాల లెక్కా అడిగి తీసుకున్నాను, ఏ పద్దు ఏంటో మాకు కూర్చోబెట్టి చెప్పాలి. గోడౌన్ అద్దె ఏ పద్దులో రాశారో ముందు అది చూపించు.

భోజనానికి జీడిపప్పు వంకాయ కూర చేస్తాను. స్టేషన్‌కి నేనే వస్తాను.

నీ
పలాస పిల్ల