సైనైడ్ ట్యాంకుకు ముందే బంగారాన్ని పట్టాలి: గనుల శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ గనులు, భూగర్భ శాఖ మంత్రివర్యులకు నమస్కారములు.

తొలకరి పడగానే కర్నూలు జిల్లా జొన్నగిరి పొలాల్లో వజ్రాల కోసం వెతికే జనం గురించి ఏటా పత్రికలు రాస్తాయి. అదే నేలలోని బంగారాన్ని రాతి నుంచి ఎలా వేరు చేయాలన్న దానిపై మాత్రం చర్చ జరగదు. జొన్నగిరికైనా, రామగిరి, చిగురుగుంట పాత గనులు తిరిగి తెరుచుకుంటే వాటికైనా, మిల్లు అనుమతికి ముందే గ్రావిటీ పరీక్షను, అంటే బరువు తేడాతోనే ఎంత బంగారం వేరుపడుతుందో తేల్చే పరీక్షను, తప్పనిసరి చేయాలని కోరుతున్నాను.

బంగారం నీటికన్నా 19.3 రెట్లు బరువు, క్వార్ట్జ్ 2.65 రెట్లే. అందువల్ల ఇనుప గుండ్లతో ఖనిజాన్ని నూరే బాల్ మిల్లులో రాతి నుంచి విడివడిన బంగారు రేణువు, సన్న, ముతక రేణువులను నీటి సుడితో వేరు చేసే సైక్లోన్ అడుగు నుంచి దిగి మళ్లీ మిల్లులోకే చేరుతుంది. తిరిగినకొద్దీ రేకులా సాగుతుంది, మిల్లు లోపలి రక్షక పలకలైన లైనర్ల వెనకా పంపు గుంతల అడుగునా పేరుకుంటుంది. బంగారాన్ని సైనైడ్ ద్రావణంలో కరిగించే ట్యాంకు దాకా వచ్చిన ముతక రేణువు కూడా ఇచ్చిన గడువులో పూర్తిగా కరగక, మిగిలినంత వ్యర్థంతోపాటు పోతుంది.

సైక్లోన్ అడుగు ధారలో కొంత భాగాన్ని జల్లెడ పట్టి, వేగంగా తిరిగే గిన్నె గాడుల్లో బరువైన రేణువులను పట్టే సెంట్రిఫ్యూగల్ కాన్సంట్రేటర్‌కు మళ్లిస్తే ఈ నష్టం తగ్గుతుంది. అయితే యంత్రం కొన్నంత మాత్రాన ఫలితం రాదు. గిన్నె గాడుల్లోకి తోసే నీటి ఒత్తిడి తగ్గితే ఇసుక గట్టిపడి బంగారానికి చోటుండదు. ఎక్కువైతే సన్న రేణువులు కొట్టుకుపోతాయి. బురద నీరు వాడితే రంధ్రాలే పూడుకుపోతాయి. తాగునీటికే కటకటలాడే ప్రాంతం కాబట్టి, ఈ నీటిని తేర్చి, వడపోసి తిరిగి వాడే ఏర్పాటు డిజైన్‌లోనే ఉండాలి. ప్రతి షిఫ్టులో ఒత్తిడిని, జల్లెడను, గిన్నె ఖాళీ చేసే వ్యవధిని కనిపెట్టి ఉండే ఆపరేటరే ఇక్కడ కీలకమని నా నమ్మకం. ఆ పనికి స్థానిక యువతకు శిక్షణ ఇప్పించండి. ఆపై, అదురుతూ రేణువులను బరువు ప్రకారం వేరు చేసే షేకింగ్ టేబుల్ సరిగా నడిస్తే నల్ల ఇసుక పక్కన పసుపు గీత విడిగా కనిపిస్తుంది. బంగారాన్ని పట్టడానికి పాదరసంతో పనే ఉండదు.

ఇనుము, గంధకం కలిసిన ఖనిజమైన పైరైట్‌లో అతి సూక్ష్మంగా ఇమిడిపోయిన బంగారం ఈ పద్ధతికి చిక్కదు. అందుకే ముందు పరీక్ష చేయమంటున్నాను. మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో ఆండ్రే లాప్లాంట్ రూపొందించిన విధానంలో ఖనిజాన్ని మూడు దశల్లో అంతకంతకు మెత్తగా నూరుతూ, ఏ దశలో ఎంత బంగారం చిక్కిందో కొలుస్తారు.

2001లో మూతపడిన కోలార్ గనుల దగ్గర సైనైడ్‌తో శుద్ధి చేయగా మిగిలిన వ్యర్థాల గుట్టలు ఇంకా నిలిచే ఉన్నాయి. గాలి వీస్తే ఆ దుమ్ము ఇళ్ల మీదికి వస్తుంది, అందులో చిక్కుకున్న బంగారం కోసం ఇప్పుడు మళ్లీ ఆలోచనలు సాగుతున్నాయి. మన గనుల అనుమతి పత్రాల్లో ఈ పరీక్ష నివేదికతోపాటు, గ్రావిటీలో, సైనైడ్‌లో, వ్యర్థంలో ఎంతెంత బంగారం తేలిందో చూపే నెలవారీ లెక్కను కూడా షరతుగా చేర్చి, ఆ లెక్కను ప్రజలకు అందుబాటులో ఉంచవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

భవదీయుడు,
ఖనిజ శుద్ధి ఇంజినీరు