నెట్ ఎవరు పట్టుకున్నారు?

ఈగన్, మిన్నెసోటా,
అక్టోబరు 27, సోమవారం

చి॥ కిట్టూకి,

అమ్మ ఆశీర్వదించి రాసేది. ఇక్కడ మేం క్షేమం. మీ నాన్న భుజానికి ఫిజియోథెరపీ ఇంకా నాలుగు వారాలుంది. ఆయన మాత్రం నిన్నటి నుంచే గరాజులో కూచుని చేపలు పట్టే రాడ్లు తుడుస్తున్నారు. నీకు ఫోన్ చేస్తే ఎత్తవు. మెసేజ్ పెడితే బొటనవేలు బొమ్మ పంపిస్తావు. దీపావళికి కూడా బొటనవేలే వచ్చింది. అందుకని పార్సెల్‌లో ఈ కాగితాలు పెడుతున్నాను. నాలుగో తరగతి దాకా అమలాపురంలో చదివిన తెలుగు నీ దగ్గర ఇంకా మిగిలే ఉంటుందని నా ధైర్యం. దస్తూరీకి వంకలు పెట్టకు, కళ్లజోడు మార్చాలి.

సున్నుండలు పైన ఉన్నాయి, పగలకుండా దూది పెట్టాను. కందిపొడి రెండు డబ్బాలు. నువ్వు కందిపొడి అంతగా తినవని తెలుసు, మానసకి ఇష్టమని రెండు చేశాను. ఉన్ని చేతితొడుగులు రెండు జతలు. అడుగున పాత తువ్వాల్లో చుట్టి హుక్కులు కోసే కట్టర్ పెట్టాను, విప్పేటప్పుడు జాగ్రత్త.

నువ్వు పట్టిన మస్కీ చేపతో దిగిన ఫోటో బుజ్జి చూపించింది. చేప బాగుంది. వెర్మిలియన్ లేక్‌లో అక్టోబరు నెలాఖరు చేపంటే పొట్ట నిండుగా, ఒళ్లు బలిసి ఉంటుంది కదా, అలాగే ఉంది. నలభై తొమ్మిది అంగుళాలు ఉంటుందని నేనన్నాను, యాభై అని మీ నాన్న పందెం. యాభైదైతే దాని వయసు పదిహేనేళ్ల చుట్టూ ఉంటుంది. అంటే నువ్వు కాలేజీలో చేరిన ఏడు అది మన చేతివేలంత ఉండుంటుంది. అప్పట్నుంచీ ఎంతమంది వేసిన ల్యూర్ల, అదే ఆ ఉత్తుత్తి ఎరల, వెనక వచ్చి, చూసి, వెళ్లిపోయి ఉంటుందో.

కానీ చేపను బోటు కార్పెట్ మీద పడుకోబెట్టావేం? అది నువ్వు చేసే పని కాదు. పన్నెండేళ్లప్పుడే నాకు పాఠం చెప్పావు, చేప నెట్‌లో నీళ్లలోనే ఉండాలి, హుక్కులు నీళ్లలోనే తియ్యాలి, కెమెరా సిద్ధమయ్యాకే పైకెత్తాలి, ఒక చెయ్యి పొట్ట కింద ఉండాలి అని. పైగా గాలి గడ్డకట్టే చలిలో ఉంటే దాని మొప్పలూ కళ్లూ పాడవుతాయని కూడా నువ్వే చెప్పావు. ఫోటోలో నువ్వు కూచున్న తీరు చూస్తే ఫోన్ ఎక్కడో ఆనించి టైమర్ పెట్టుకున్నట్టుంది. నెట్ ఎవరు పట్టుకున్నారు? ఊరికే అడుగుతున్నాను.

ఏ ల్యూర్ వేశావో కనిపించలేదు. నీళ్లు నలభై అయిదు డిగ్రీల ఫారెన్‌హీట్‌కి దిగి ఉంటాయి కదా ఇప్పటికి. ఆ చల్లని నీళ్లలో జడకుచ్చుల ల్యూర్లు గబగబా లాగి లాభం లేదు. (డబుల్ కౌగర్ల్‌ని మొదటిసారి చూసినప్పుడు నేను నిజంగానే జడకుచ్చులనుకున్నాను. రెండు పెద్ద రేకులు, వాటి కింద మెరిసే పోగులు. మీ జానకత్త పెళ్లిలో కట్టినవి గుర్తొచ్చాయి.) అవి జులై, ఆగస్టుల్లో నాచు మొక్కల మీదుగా పరుగెత్తించడానికి. ఇప్పుడు చేపలు లోతు పక్కనున్న రాళ్లకి చేరతాయి. ఇంకొన్నాళ్లకి టల్లిబీ చేపలు గుడ్లు పెట్టడానికి ఆ రాళ్ల మీదికే వస్తాయి, వాటికోసం ఇవి కాచుక్కూచుంటాయి. బుల్‌డాగ్ లాంటి రబ్బరుది మెల్లగా లాగాలి. లేదా ఆ చెక్కముక్క, సూయిక్. కిందికి ఒక్క లాగు లాగి వదిలెయ్యాలి. అది తనంతట తాను పైకి తేలుతూ ఉంటుంది. చేప పట్టేది లాగినప్పుడు కాదు, ఆగినప్పుడు. ఎంత చలి పెరిగితే అంత ఎక్కువసేపు ఆగాలి.

ఆ ఆగడమే నీకు చిన్నప్పట్నుంచీ రాదు. ఒక మాట అనడం, అవతలివాళ్లు నోరు తెరిచేలోగా తలుపు వేసుకుని వెళ్లిపోవడం. మీ నాన్నదీ అదే గుణం, నీ ఒక్కడిదే తప్పని అనను. నేను ముప్ఫై ఎనిమిదేళ్లుగా తలుపు ఇవతల నిలబడి పది లెక్కపెడుతున్నాను. ల్యూర్ సంగతే చెబుతున్నాలే.

ల్యూర్ బోటు పక్కకి వచ్చాక రాడ్ కొసతో నీళ్లలో ఎనిమిది అంకె తిప్పడం మాత్రం మరిచిపోకు. లోతు నుంచి వచ్చే చేప నీకు కనబడదు, కనబడకపోయినా ప్రతిసారీ తిప్పాలి. ఈ విద్యలో మీ నాన్నకంటే నేనే నయమని నువ్వే ఒప్పుకున్నావు. ఆయన మలుపు దగ్గర చెయ్యి ఆపేస్తారు, చేప అక్కడ మొహం తిప్పుకుని పోతుంది. మెలికల ముగ్గు వేసేటప్పుడు మీ అమ్మమ్మ నా చెయ్యి పట్టుకుని ఎన్నిసార్లు దిద్దించిందో. మూల రాకూడదు, చెయ్యి ఆగకూడదు, మలుపు వెడల్పుగా గుండ్రంగా రావాలి. అంతే. రాడ్ కొసను నీళ్లలోకి బాగా ముంచి, మలుపులో చేపకు తిరిగే చోటివ్వాలి. అంత పొడుగు ఒళ్లు తిప్పుకోవద్దూ పాపం.

రమణ మావయ్య వచ్చినప్పుడు గుర్తుందా? నువ్వు నలభై ఎనిమిది అంగుళాలది పట్టి ఒక నిమిషం తోక పట్టుకుని వదిలేస్తే, ఆయన బోటులో లేచి నిలబడి “ఒరే, ఒరే, ఇగురు పెట్టుకునే చేపని నీళ్లలో పారేస్తావేంట్రా” అని కేకలు. యాభై నాలుగు లోపు ఇంటికి తీసుకెళ్లకూడదని ఈ రాష్ట్రంలో చట్టమని చెప్పినా నమ్మలేదు. యాభై నాలుగు దాటినా వదిలేస్తామంటే మనకేదో గాలి సోకిందనుకున్నాడు. కాలవగట్టున కప్పను ఎరగా కట్టి కొర్రమీను పట్టిన మనిషి, ఆయన బాధ ఆయనది. ఇప్పటికీ ఫోన్‌లో అడుగుతాడు, ఆ చేపని ఏం చేశారని.

అసలు చెప్పాలనుకున్నది ఇది కాదు. నిన్న ఆదివారం మేపుల్ గ్రోవ్ గుడిలో శారద గారు కలిశారు. దసరాలకి షికాగో వెళ్లారట, అక్కడ ఎవరింట్లోనో బొమ్మల కొలువులో మానస కనబడిందట. “మీ కోడలు అక్క దగ్గరే ఉంటోందట కదా కొన్నాళ్లుగా” అన్నారు. ఆవిడ అన్నీ తెలిసినట్టే మాట్లాడతారు, ఆవిడ సంగతి నీకు తెలుసు. నేను “అవునండీ, ఏదో ఆఫీసు పని” అన్నాను. ఆఫీసు పనేగా? ప్రసాదం తీసుకుని వచ్చేశాం. కారులో మీ నాన్న ఒక్క మాట మాట్లాడలేదు. ఇంటికి రాగానే గరాజులోకి వెళ్లి రాడ్లు దించారు.

ఫోటోలో ఇంకొకటి చూశాను. నీ బొటనవేలికి తెల్లటి కట్టు. బుజ్జి పెద్దది చేసి చూపించింది. హుక్కు దిగిందా, చేప పళ్లా? పళ్లయితే మొప్పల సందున చెయ్యి తప్పిందన్నమాట. హుక్కయితే టెటనస్ ఇంజెక్షన్ ఎప్పుడు చేయించుకున్నావు?

నాకు ఆ 2008 ఆగస్టు రాత్రి గుర్తొచ్చింది, ఆ కట్టు చూడగానే. నువ్వు పదహారేళ్లవాడివి. నాలుగు రోజులుగా బిగ్ బేలో ఒక్క చేప కూడా రాలేదు, వచ్చినవి వెనకే వచ్చి చూసి పోయాయి. మీ నాన్న చంద్రోదయం టైము కాగితం మీద రాసుకుని, “ఆ అరగంటలో పడుతుంది, చూడు” అని మనల్ని అన్నం దగ్గర్నుంచి లేపుకొచ్చారు. పులిహోర డబ్బాలో అలాగే ఉండిపోయింది. నల్ల జడకుచ్చుల ల్యూర్, చీకట్లో రేకుల దడదడ రాడ్డులోంచి చేతికి తెలుస్తోందన్నారు. చంద్రుడు అప్పుడే చెట్ల మీదికి, ఎర్రగా, దిబ్బరొట్టెలా వచ్చాడు. మూడో ఎనిమిదిలో పట్టింది. నీళ్లు నా మొహం మీద పడ్డాయి గానీ చేప నాకు కనబడలేదు. చప్పుడున్న వైపు నెట్ వేశాను, అంతే, నెట్ బరువెక్కింది. ఎవరో బియ్యం బస్తా వేసినట్టు.

మీ నాన్న పటకారుతో వంగారు. చేప ఒక్కసారి విదిలించుకుంది. ఆ ల్యూర్‌కి రెండు హుక్కులు కదా, ముందుది చేప నోట్లో, వెనకది మీ నాన్న అరచేతిలో, బొటనవేలి మొదట్లో. చేప కదిలినప్పుడల్లా ఆయన కూడా కదులుతున్నారు. ఆయన అరవలేదు, అదే నాకు భయమేసింది. “లక్ష్మీ, నెట్ వదలకు” అన్నారు మెల్లగా. నేను నెట్ వదిలితే చేప ఆయన చేతిని పట్టుకుని లేక్‌లోకి వెళ్లిపోతుంది. నెట్ వదలకపోతే కట్టర్ ఎవరు వెతకాలి? నువ్వు టార్చి పళ్లతో కరుచుకుని పెట్టెలన్నీ కుమ్మరించేశావు. కట్టర్ ఎక్కడుంది? అన్నిటికన్నా అడుగు పెట్టెలో, రెయిన్‌కోట్ల కింద. నువ్వే కోశావు. టక్‌మని చప్పుడైంది, ఇప్పటికీ నా చెవిలో ఉంది. ముక్క చేతిలో ఉండగానే మీ నాన్న ఏమన్నారో గుర్తుందా? “టేప్ తియ్యరా, కొలవండి.” యాభై ఒకటిన్నర. రక్తం కారుతున్న చేత్తో ఫోటో కూడా. ఆయన్ని నేను ఆ తర్వాత పదిరోజులు తిట్టాను.

ఆ చీకట్లో దీవుల మధ్య నుంచి బోటు నేను నడిపాను. మూడువందల అరవై అయిదు దీవులుంటాయని అంటారే, ఆ రాత్రి అన్నీ ఎదురొచ్చాయి. నువ్వు ముందు కూచుని స్క్రీన్ మీద రాళ్లు చూస్తూ ఎడమ, కుడి అని చెబుతూ వచ్చావు. ఆసుపత్రి చేరేసరికి పన్నెండు దాటింది. పులిహోర అక్కడ పార్కింగ్‌లో తిన్నాం, ముగ్గురం.

ముగ్గురం ఉన్నాం కాబట్టి అది ఇప్పుడు నవ్వుకునే కథ అయింది. పైగా అది ఆగస్టు, ప్రతి రేవులోనూ దీపాలున్నాయి. ఇప్పుడు క్యాబిన్లన్నీ మూసేశారు, డాక్‌లు ఒడ్డుకి లాగేసి ఉంటారు. కేకేస్తే పలికేవాళ్లుండరు. వచ్చే ఆదివారం గడియారం వెనక్కి తిప్పితే అయిదింటికే చీకటి. ఆ నీళ్లలో పడితే ఊపిరి కుదుటపడటానికి ఒక నిమిషం, చేతులు మాట వినేది పది నిమిషాలు, తెలివి ఉండేది ఒక గంట అని నీ క్లాసు పుస్తకంలోనే చదివాను. లైఫ్ జాకెట్ సీటు కింద కాదు, ఒంటి మీద ఉండాలి. ఇంజన్ ఆపే ఎర్ర తాడు నడుముకి తగిలించుకో. ట్రక్కులో పొడి బట్టలు ఇంకో జత పెట్టుకో. ఎక్కడ దిగుతున్నావో, ఎన్నింటికి తిరిగొస్తావో ఎవరికో ఒకరికి చెప్పి వెళ్లు. నాకు చెప్పకపోయినా సరే. మానసకి చెప్పినా చాలు.

నీ జోలికి రానని మీ నాన్నకి మాటిచ్చి ఈ ఉత్తరం మొదలుపెట్టాను. ఆయన చదువుతానంటే ఇవ్వను.

ఒక్క సంగతి మాత్రం లెక్క కోసం అడుగుతున్నాను. ప్రతి ఏడూ మార్చిలో మీరిద్దరూ మొగుడూ పెళ్లాలకి కలిపి ఇచ్చే చేపల లైసెన్స్ తీసుకుని ఆ ఫోటో పంపేవారు. ఈ మార్చిలో పంపలేదు. అదే తీసుకున్నారా, విడిగానా? మేం మీ నాన్న భుజం వల్ల ఈసారి మానేశాం. ఈ రాష్ట్రంలో నీళ్లు గడ్డకట్టే దాకా మనిషికి ఒక్క గాలమే కదా. ఒక్కడివే ట్రోలింగ్ చేస్తే, అంటే బోటు నడుపుతూ వెనక ల్యూర్ లాగితే, ఒక్క ల్యూరే పోతుంది, ఒక్క లోతే చూస్తావు. రెండో మనిషుంటే రెండోది ఇంకో లోతులో వెయ్యొచ్చు. లాభమేగా.

శనివారం తెల్లవారుజామున బయల్దేరతాం. నాలుగు గంటలు పడుతుంది, మీ నాన్న ఆపి ఆపి నడుపుతారు కాబట్టి అయిదనుకో. డులూత్‌లో నీ ఇంటికి రాము, సరాసరి టవర్ ఊరి దగ్గర రేవుకే వస్తాం, నువ్వక్కడే ఉంటావని నాకు తెలుసు. పాత నెట్ కారు మీద కట్టించాను, చిరుగు నేనే నైలాన్ దారంతో కుట్టాను. నేను ఒక్క రోజు లైసెన్స్ తీసుకుంటాను, మీ నాన్న థర్మాస్ పట్టుకుని కూచుంటారు, రాడ్ ముట్టనివ్వను. మానస వస్తుందంటే మాత్రం చెప్పు, బోటులో చోటు చాలదు. అప్పుడు నేను ఒడ్డునే కారులో కూచుంటాను, నాకేం చలి లేదు. ఆమె నెట్ బాగా పడుతుంది, నాకంటే తొందరగా వంగుతుంది.

సున్నుండలు వెంటనే తినెయ్యి, ట్రక్కులో పెడితే రాయిలా అవుతాయి.

ఆశీస్సులతో,
అమ్మ

ఇంకొకటి. ఫోన్ ముందు కెమెరాతో తీసిన ఫోటోల్లో ఒక్కోసారి కుడి ఎడమగా కనబడుతుందని బుజ్జి అంటోంది. కట్టు నిజంగా ఏ చేతికో రాయి. కుడి చేతికైతే శుక్రవారమే వస్తాం.