రాబిన్ సింగ్ ఆఖరి వన్డే ఆడింది మన విశాఖలోనే

సంపాదకులు గారికి నమస్కారం.

కిందటి ఆదివారం మీ క్రీడా పేజీలో మన జట్టు ఫీల్డింగ్ ఎలా మారిందో రాశారు. రెండుసార్లు చదివాను. వ్యాసం యువరాజ్, కైఫ్‌లతో మొదలై రవీంద్ర జడేజా దాకా వచ్చింది. భారత మాజీ ఆల్‌రౌండర్ రాబిన్ సింగ్ పేరు ఒక్కచోట కూడా కనబడలేదు. ముప్పై ఏళ్ళు డ్రిల్ మాస్టారుగా పనిచేసినవాణ్ణి. ఆ పేరు లేకపోవడం నాకు నిజంగా బాధనిపించింది.

1997 నాటికి మా స్కూలు గ్రౌండంతా ఎర్రమట్టి, గులకరాళ్ళు. పక్కనుంచి బంతి పోతుంటే కాలు అడ్డం పెట్టడమే మా పిల్లలకు తెలిసిన ఫీల్డింగ్. దూకండ్రా అంటే "దెబ్బ తగులుతుంది మాస్టారూ" అనేవాళ్ళు. ఆ ఏడాది టీవీలో రాబిన్ సింగ్ పిచ్ చుట్టూ గీసే సర్కిల్ లోపల బంతి మీద పడిపోవడం చూశారు. తర్వాత సోమవారాలు సగం మంది మోచేతులు గీరుకుపోయి వచ్చేవారు. ఒక పిల్లాడి తల్లి చిరిగిన నిక్కరు పట్టుకుని నా దగ్గరికొచ్చి గొడవ చేసింది కూడా. నేను చెప్పి చెప్పి అలిసిపోయిన పని, ఆయన ఆట చూసి వాళ్ళంతట వాళ్ళే నేర్చుకున్నారు.

ఆయన ఇక్కడ పుట్టినవాడు కాదు. 1963లో ట్రినిడాడ్‌లోని ప్రిన్సెస్ టౌన్‌లో, మన దేశం నుంచి ఎప్పుడో వెళ్ళి స్థిరపడిన కుటుంబంలో పుట్టారు. మా అమ్మ తండ్రిగారు బతుకుతెరువు కోసం రంగూన్ ఓడ ఎక్కినవారే కాబట్టి, సముద్రం దాటిన కుటుంబాల సంగతి నాకు కొంత తెలుసు. వెళ్ళినవాళ్ళ పిల్లలు వెనక్కి రావడం అరుదు. రాబిన్ సింగ్ 1980లలో మద్రాసు వచ్చి, అక్కడే యూనివర్సిటీలో చదువుకుంటూ, లీగ్ మ్యాచ్‌లు ఆడుతూ నిలదొక్కుకున్నారు. 1987-88లో తమిళనాడు రంజీ ట్రోఫీ గెలిచిన జట్టులో ఉన్నారు.

1989 మార్చిలో భారత జట్టు తరఫున తొలి వన్డే ఆడారు. ఎక్కడో తెలుసా? ట్రినిడాడ్ రాజధాని పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో, వెస్టిండీస్ మీద. పుట్టిన గడ్డ జనం ముందు, ఇంకో దేశం టోపీ పెట్టుకుని దిగాలి. ఆ రోజు ఆయన మనసులో ఏముండి ఉంటుందో అని నేను చాలాసార్లు ఆలోచించాను. ఆ టూర్‌లో రెండే మ్యాచ్‌లు ఆడనిచ్చి పక్కన పెట్టారు. మళ్ళీ పిలుపు వచ్చింది 1996లో. అప్పటికి వయసు ముప్పై మూడు. ఆ ఏడేళ్ళూ రంజీలు ఆడుతూ, ఒంటిని కాపాడుకుంటూ కూర్చోవడం ఎంత కష్టమో నాలాంటి వ్యాయామ ఉపాధ్యాయులకు విడమరిచి చెప్పక్కర్లేదు.

1998 జనవరి 18. సంక్రాంతికి బొబ్బిలి దగ్గర మా అత్తగారి ఊరు వెళ్ళి ఇంకా తిరిగి రాలేదు. ఢాకాలో ఇండిపెండెన్స్ కప్, మూడు ఫైనళ్ళలో ఆఖరిది. వెలుతురు చాలదని 48 ఓవర్లకు కుదించారు. పాకిస్థాన్ 314 కొట్టింది. అప్పటికి వన్డేల్లో అంత స్కోరు ఎవరూ ఛేదించలేదు. సచిన్ ఔటయ్యాక, మన హైదరాబాద్ అజహరుద్దీన్ కెప్టెన్, తాను దిగకుండా రాబిన్ సింగ్‌ను మూడో స్థానంలో పంపాడు. మా బావమరిది "ఇదేం పిచ్చి" అని లేచి వెళ్ళిపోయాడు. గంగూలీతో కలిసి రాబిన్ 179 పరుగులు జోడించారు. ఆయనవి 82. ఆఖర్లో కనిత్కర్ కొట్టిన ఫోర్ అందరికీ గుర్తుంది. ఆ ఫోర్ దాకా మ్యాచ్‌ను తెచ్చింది గంగూలీ సెంచరీ, ఈ 82.

ఇంగ్లండ్‌లోని టాంటన్ మ్యాచ్ సంగతీ అంతే. 1999 ప్రపంచకప్‌లో శ్రీలంక మీద గంగూలీ 183, ద్రవిడ్ 145. అదే మ్యాచ్‌లో రాబిన్ సింగ్ 31 పరుగులిచ్చి ఐదు వికెట్లు తీశారని ఎంతమందికి తెలుసు? దానికి వారం ముందు లెస్టర్‌లో జింబాబ్వే చేతిలో మూడు పరుగుల తేడాతో ఓడినప్పుడు, ఒలోంగా ఆఖరి ఓవర్‌లో తీసిన మూడు వికెట్లలో మొదటిది ఈయనదే. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు. అందరూ ఆయన్ని తిట్టారు. వారం తిరక్కుండా ఐదు వికెట్లు తీస్తే మాత్రం ఆ మెచ్చుకోలు వేరేవాళ్ళకు వెళ్ళింది.

136 వన్డేలు, 2336 పరుగులు, 69 వికెట్లు. టెస్టు ఒకే ఒక్కటి, 1998లో హరారేలో. తర్వాత భారత జట్టుకు ఫీల్డింగ్ కోచ్‌గా ఉన్నారు. 2007లో టీ20 ప్రపంచకప్ గెలిచినప్పుడు ఆ బాధ్యత ఆయనదే. 2008లో మన డెక్కన్ ఛార్జర్స్‌కు కోచ్‌గా పనిచేశారు. ఫీల్డింగ్ మీద వ్యాసం రాస్తూ ఈయన్ని ఎలా వదిలేశారో నాకు అర్థం కాలేదు.

అసలు విషయం ఇంకొకటుంది. 2001 ఏప్రిల్ 3న ఆస్ట్రేలియాతో మన ఇందిరా ప్రియదర్శిని స్టేడియంలో జరిగిన వన్డేకి మా స్కూలు పిల్లల్ని ఎనిమిది మందిని తీసుకెళ్ళాను. హేడెన్, పాంటింగ్ సెంచరీలు కొట్టారు. వాళ్ళ స్కోరు 338. మనం 93 పరుగుల తేడాతో ఓడిపోయాం. మన ఫీల్డింగ్ నడుస్తున్నంతసేపూ, బంతిని కాదు, రాబిన్ ఎక్కడ నిలబడ్డాడో, బౌలర్ పరుగు మొదలుపెట్టగానే ఎన్ని అడుగులు ముందుకేస్తున్నాడో చూడమని పిల్లలకు చెబుతూనే ఉన్నాను. ఆయనకు అదే చివరి అంతర్జాతీయ మ్యాచ్ అయింది. ఆ రోజు మాకెవరికీ తెలియదు. ట్రినిడాడ్‌లో మొదలైన ఆ ఆట మన ఊళ్ళో ముగిసింది.

విశాఖ క్రికెట్ అనగానే మధురవాడ కొత్త స్టేడియంలో ధోనీ 148 గురించి చెప్పుకుంటాం. చెప్పుకోవాల్సిందే. కానీ పాత స్టేడియంలో ఈ సంగతి రాసిన చిన్న బోర్డు ఒకటి పెట్టమని నగరపాలక అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. ఆ ఎనిమిది మందిలో ఒకడు ఇప్పుడు పిల్లలకు క్రికెట్ నేర్పుతున్నాడు. అనుమతి ఇస్తే చాలు మాస్టారూ, బోర్డు ఖర్చు మేం పెట్టుకుంటాం అన్నాడు.

ఇట్లు,
విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు,
విశాఖపట్నం