కారు కిందకి వంగి చూడు

కన్నా,

కారు తాళం వంటింటి తలుపు వెనక మేకుకి తగిలించాను, రెండోది బీరువాలో నా పట్టుచీరల కింద ఉంది. నాన్నా నేనూ శుక్రవారం రాత్రి బయల్దేరుతున్నాం. అక్కకి పురుడు పోసి, బిడ్డకి మూడో నెల వచ్చాక గానీ వదిలి రాలేను, కాబట్టి ఐదు నెలలు ఈ బండి నీ చేతిలో ఉంటుంది. మొన్న ఫోన్లో "ఆ పాత వ్యాగన్ ఆర్ ఎవరికైనా ఇచ్చేసి ఎస్‌యూవీ ఒకటి లోన్ మీద తీసుకుందామమ్మా, రిషికొండ ఆఫీసుకి అందరూ అలాంటివాటిలోనే వస్తున్నారు" అన్నావు. అప్పుడు నేనేమీ అనలేదు. ఫోన్లో చెప్తే నువ్వు సగంలో "సరే సరే" అనేస్తావు, రాసిస్తే చివరిదాకా చదువుతావని ఇలా కూర్చున్నాను.

కొత్తది కొనొద్దని అనను. నీ జీతం, నీ ఇష్టం. కానీ ఈ ఐదు నెలలూ దీన్ని నడిపి, బాగోగులు కూడా నువ్వే చూసుకుని, ఆ తర్వాత తేల్చుకో. 2012లో కొన్నప్పటినుంచీ పోయినేడు నేను రిటైరయ్యేదాకా ఎంవీపీ కాలనీ నుంచి భీమిలి స్కూలుకి రోజూ రానూపోనూ యాభై కిలోమీటర్ల దాకా తిరిగింది. ఇప్పటికి లక్షా నలభై వేలు దాటింది. ఒక్క రోజు కూడా నన్ను దారిలో దింపెయ్యలేదు. 998 సీసీ ఇంజను, 35 లీటర్ల ట్యాంకు, అంతే. బీచ్ రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు లీటరుకి 18 ఇస్తుంది, సాయంత్రం పూట జగదాంబ, డాబాగార్డెన్స్ వైపు వెళ్తే 13కి పడిపోతుంది. డ్యాష్‌బోర్డు డబ్బాలో నీలం అట్ట నోటుబుక్కు ఉంది, ట్యాంకు నింపించిన ప్రతిసారీ కిలోమీటర్లూ లీటర్లూ రాశాను. ఆ లెక్క నువ్వూ ఆపకు. రోజూ వెళ్లే దారిలోనే ఉన్నట్టుండి 15కి దిగిందంటే కారు నీకేదో చెప్తోందన్నమాట. ముందు టైర్లలో గాలి చూడు, తర్వాత ఎయిర్ ఫిల్టర్, ఆ తర్వాత ఏదైనా చక్రానికి బ్రేకు పట్టేస్తోందేమో చూపించు.

ఇక నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది. ఈ విశాఖలో కారుకి ఉప్పుగాలిని మించిన శత్రువు లేదు. ఐదేళ్లు బెంగళూరులో ఉన్నావు, అక్కడ నీ స్నేహితులకి ఈ బాధ తెలియదు. ఇక్కడ గాలిలో తడితో పాటు ఉప్పు వచ్చి ఇనుము మీద కూర్చుంటుంది, ఆ ఉప్పు తడిని ఆరనివ్వదు, తుప్పు తొందరగా పడుతుంది. పైన రంగు మెరుస్తూనే ఉంటుంది, కిందనుంచి మాత్రం తినేస్తూ ఉంటుంది.

హుద్‌హుద్ తుపాను నీకు గుర్తుందిగా, 2014 అక్టోబర్ 12, నువ్వు ఇంటర్లో ఉన్నావు. ఆ గాలి సముద్రపు నీళ్లని ఎత్తి ఊరి మీద కొట్టింది, మిగిలిన చెట్లకి కూడా ఆకులు మాడిపోయినట్టయ్యాయి. మన కారు అద్దాల మీద ఉప్పు తెల్లగా కట్టింది. కరెంటు లేదు, మోటారు తిరగదు, తాగడానికే బిందెలు పట్టుకుని తిరిగాం, ఇంక కారు కడిగేదెక్కడ. పది రోజుల తర్వాత పైపైన కడిగించాను. అడుగు ఎవరూ చూడలేదు, చూడమని నేనూ అడగలేదు. ఆ తర్వాత ప్రతి ఏడూ సర్వీసుకి ఇస్తూనే ఉన్నాను, సర్వీసు చేసినవాళ్లు కాగితం మీద అండర్‌బాడీ అన్నచోట టిక్కు పెట్టి ఇస్తూనే ఉన్నారు. 2017 వానాకాలంలో తిమ్మాపురం దగ్గర నీళ్ల గుంటలోంచి వెళ్తుంటే పాదానికి చల్లగా తగిలింది. చూస్తే చెప్పు తడిసిపోయింది. స్కూలు దగ్గర ఆపి మ్యాట్ ఎత్తితే రూపాయి బిళ్లంత కన్నం, దానిలోంచి నేల కనిపిస్తోంది. నాకు నిజంగా ఏడుపొచ్చింది. మూడేళ్లుగా ఆ రేకు మీదే కాళ్లు పెట్టుకుని, వెనక సీట్లో మిమ్మల్ని ఎక్కించుకుని తిరిగాను కదా అని.

గాజువాక ఆటోనగర్‌లో ఆ మేర కోసేసి, కొత్త రేకు వెల్డింగ్ చేసి, అడుగంతా కోటింగ్ వేయించాను. మూడు రోజులు, పదకొండు వేలు. అప్పటినుంచీ నాకొక అలవాటు పడింది, అదే నీకూ పడాలి. ఆదివారం పొద్దున్నే ట్యూబు పట్టుకుని ముందు చక్రాల పైనున్న వంపుల్లో, తర్వాత కారు కిందకి నీళ్లు కొట్టు, పైన కడగడం చివర్లో. వీధి చివర బోరు నీళ్లు వాడకు, అవి ఉప్పన. కుళాయి నీళ్లే వాడు. తలుపుల అడుగు అంచున చిన్న చిన్న కన్నాలుంటాయి, అద్దం పక్కనుంచి లోపలికి దిగిన వాన నీళ్లు వాటిలోంచే బయటికి పోవాలి. మట్టి పట్టి మూసుకుపోతే తలుపు లోపలినుంచే పుచ్చిపోతుంది. నెలకోసారి అగ్గిపుల్లతో పొడువు. కడిగిన వెంటనే కవర్ కప్పొద్దు, తడి లోపలే ఉండిపోతుంది, పూర్తిగా ఆరనివ్వు. వన్ టౌన్ వైపు పెట్టి వచ్చిన రోజు కారు మీద నల్లటి దుమ్ము ఉంటుంది, పొడిగుడ్డతో తుడిచావంటే గీతలు పడతాయి, ముందు నీళ్లు పొయ్యి.

సర్వీసు ఏడాదికి ఒకసారి, లేదా పదివేల కిలోమీటర్లకి, ఏది ముందైతే అది. తక్కువ తిరుగుతున్నాం కదా అని ఆయిల్ మార్పించడం వాయిదా వెయ్యకు. ఇంజనుని చల్లబరిచే కూలెంట్ తగ్గితే ఉత్త నీళ్లు పొయ్యనివ్వకు. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది, మనది దానికోసం చేసిన కారు కాదు, అందుకని పెట్రోల్ వెళ్లే రబ్బరు పైపులు పగిలాయేమో ప్రతి సర్వీసులో చూపించు. ఇంకో మాట. ఒక షెడ్డులో టైమింగ్ బెల్టు మార్చాలి, తొమ్మిది వేలవుతుందన్నారు. పుస్తకం తీసి చదివితే ఈ ఇంజన్లో బెల్టే లేదు, చైను ఉంది. కారుతో ఇచ్చిన పుస్తకం కూడా అదే డబ్బాలో ఉంది, ఒక రాత్రి కూర్చుని పూర్తిగా చదువు. చదివినవాణ్ణి ఎవరూ తేలిగ్గా మోసం చెయ్యలేరు. ఏ పార్టు మార్చినా పాతది చేతికివ్వమని అడుగు.

టైరు పక్కన డాట్ అని ఉన్నచోట చివర నాలుగు అంకెలుంటాయి. 2322 అంటే 2022లో 23వ వారంలో తయారైందని. మనవి ముందు రెండూ అవే, వెనకవి ఇంకా పాతవి, ఈసారి మార్చాల్సింది వెనకవే. గాలి చల్లటి టైర్లకి కొట్టించు, స్టెప్నీ మర్చిపోకు.

సింహాచలం కొండ దిగేటప్పుడు మీ బాబాయి పెట్రోలు మిగులుతుందని ఇంజను ఆపేసేవాడు, నువ్వూ చూశావు. దయచేసి ఎప్పుడూ అలా చెయ్యొద్దు. ఇంజను ఆగితే బ్రేకుకి సాయం పోతుంది, ఒకటి రెండు సార్లు నొక్కాక పెడల్ రాయిలా అయిపోతుంది, స్టీరింగూ బిగుసుకుంటుంది. ఎక్కిన గేరులోనే దిగు, రెండో గేరులో వదిలితే ఇంజనే పట్టి ఉంచుతుంది, బ్రేకులు వేడెక్కవు. అరకు వెళ్తానంటున్నావు, అనంతగిరి ఘాట్‌లోనూ ఇదే పద్ధతి.

వాన గట్టిగా పడినరోజు రైలు వంతెనల కింద నీళ్లు నిలుస్తాయి. పక్కవాడు వెళ్లాడని వెళ్లకు, వాడి బండి ఎత్తు వేరు. ఒకవేళ నీళ్లలో ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చెయ్యకు, తోయించి బయటికి లాగించు. ఇంజన్లోకి నీళ్లు వెళ్లాక తాళం తిప్పితే లోపలి రాడ్లు వంగిపోతాయి, ఇంజనుకి విడిగా బీమా తీసుకోకపోతే ఇన్సూరెన్స్‌వాళ్లు దానికి సాధారణంగా డబ్బులివ్వరు. మన ఇన్సూరెన్స్ డిసెంబరు 9తో అయిపోతుంది. తేదీ దాటనివ్వకు. క్లెయిమ్ చెయ్యనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, అదే నో క్లెయిమ్ బోనస్, 50 శాతం వచ్చి ఉంది, దాటాక 90 రోజుల్లో కట్టకపోతే అదంతా పోతుంది. 2027లో ఆర్‌సీకి 15 ఏళ్లు నిండుతాయి, అప్పుడు కారుని చూపించి ఐదేళ్లకి రెన్యువల్ చేయించాలి. అందుకే అడుగు గట్టిగా ఉండాలని ఇంతగా చెప్తున్నాను.

నువ్వు చెప్పిన లోనుకి నెలకి పద్దెనిమిది వేలు కట్టాలన్నావు. పోయినేడు ఈ కారుకి ఏడాది మొత్తానికి పెట్రోలు కాకుండా నాకైన ఖర్చు పంతొమ్మిది వేల నాలుగు వందలు, ఇన్సూరెన్సూ బ్యాటరీ కలిపి. నోటుబుక్కు చివరి పేజీలో ఉంది, చూసుకో.

నెలకోసారి ఆదివారం కడిగాక ఫోన్ కిందకి పెట్టి కారు అడుగు భాగం ఫొటో తీసి నాకు పంపు. డ్రైవరు కాళ్లు పెట్టే చోటు కింద వెల్డింగ్ గీత కనిపిస్తుంది, దాని చుట్టూ ఎర్రగా ఏమైనా మొదలైందా అన్నదే నాకు కావాలి.

అమ్మ